ఉక్కపోతలో ఏ సెంటు? మిస్ట్, కొలోన్, ఈడీటీ, అత్తరులలో ఎవరికి ఏది నప్పుతుంది

సెంటు కొనడానికి వెళ్తే అమ్మే అబ్బాయి ముందు చెప్పే మాట ఒకటే: "సార్, ఇది పన్నెండు గంటలు ఉంటుంది." మే నెలలో విజయవాడలో సిటీ బస్సు ఎక్కేవాళ్లకి ఆ పన్నెండు గంటలే తలనొప్పి. పొద్దున ఎనిమిదింటికి కొట్టుకున్న ఘాటు సెంటు ఎండకి వేడెక్కి, చెమటతో కలిసి, పదకొండు అయ్యేసరికి పక్క సీటు మనిషి కిటికీ వైపు మొహం తిప్పుకునేలా చేస్తుంది. తేలికపాటి పరిమళం గంటా రెండు గంటల్లో పోతుంది. ఆ పోవడాన్ని లోపంగా చూడకపోతే ఎంపిక సగం తేలినట్టే. రోజులో మళ్లీ వేసుకునే వీలు మీకు ఎన్నిసార్లు దొరుకుతుంది, ఎక్కడ దొరుకుతుంది అన్నదాన్ని బట్టి సీసా కొనండి. వాసన నచ్చడం ఆ తర్వాతి సంగతి.

సీసా మీద పేరు, లోపల పాళ్లు

అత్తరు తప్ప అన్నింటిలోనూ ఉండేది ఒకటే: సుగంధ తైలం, దాన్ని కలిపే ఆల్కహాలు, కొంచెం నీళ్లు. తేడా పాళ్లలో ఉంది. బాడీ మిస్టులో తైలం సుమారు 1 నుంచి 3 శాతం. కొలోన్‌లో 2 నుంచి 5. ఈడీటీ (ఓ డ టాయిలెట్) అని రాసి ఉంటే 5 నుంచి 15. ఈడీపీ (ఓ డ పర్ఫ్యూమ్) అయితే 15 నుంచి 20, పర్ఫ్యూమ్ లేదా ఎక్స్‌ట్రే (extrait) అంటే అంతకన్నా పైన. ఇవి వాడుకలో స్థిరపడ్డ అంకెలే తప్ప చట్టం గీసిన గీతలు కావు. ఒక కంపెనీ ఈడీటీ ఇంకో కంపెనీ ఈడీపీ కన్నా గట్టిగా ఉండొచ్చు. పైగా పాళ్లు ఒక్కటే నిలకడను తేల్చవు. నిమ్మ, బత్తాయి, నారింజ లాంటి పుల్లని వాసనలు ఎంత పోసినా అరగంటలో ఎగిరిపోతాయి. గంధం, వట్టివేరు, కస్తూరి రకాలు తక్కువ పాళ్లలో ఉన్నా సాయంత్రం దాకా చొక్కాని పట్టుకుని ఉంటాయి.

అందుకే "నిమ్మ వాసన రావాలి, రోజంతా ఉండాలి" అని అడిగేవాళ్లకి ఏ దుకాణమూ నిజం చెప్పలేదు. నిమ్మ కావాలంటే చిన్న సీసా జేబులో ఉండాలి. రోజంతా కావాలంటే వట్టివేరు వైపు రావాలి.

ముందు చెమట లెక్క

సెంటు చెమట వాసనని కప్పదు, దానితో కలిసి మూడో వాసన పుట్టిస్తుంది. చెమటకి పుట్టినప్పుడు పెద్దగా వాసన ఉండదు. చంకల్లో ఉండే బాక్టీరియా దాన్ని విరగ్గొట్టినప్పుడు కంపు మొదలవుతుంది. కాబట్టి ఆ పని వేరే వస్తువుకి అప్పగించాలి.

మన బజార్లో "డియో" అని దొరికే పొడవాటి డబ్బాల్లో చాలా మటుకు గ్యాసూ సెంటూ మాత్రమే. చెమట తగ్గాలంటే డబ్బా మీద "యాంటీపెర్‌స్పిరెంట్" అన్న మాట, పదార్థాల్లో అల్యూమినియం లవణం పేరు కనిపించాలి. దాన్ని పొద్దున స్నానం కాగానే తడి చంకల్లో పూసుకుని పని చేయలేదంటారు చాలామంది. రాత్రి పడుకునే ముందు, పూర్తిగా ఆరిన చర్మం మీద వేయాలి. నిద్రలో చెమట తక్కువ కాబట్టి లవణం చెమట నాళాల మూతుల దగ్గర నిలబడుతుంది. పొద్దున స్నానం చేసినా దాని పని పోదు. షేవ్ చేసిన రోజు మాత్రం వద్దు, మంట పెడుతుంది.

అంత అక్కర్లేదనుకుంటే మంగలి దుకాణంలో కనిపించే పటిక ముక్క చాలు. స్నానం తర్వాత పటికని తడిపి చంకల్లో నాలుగైదు సార్లు రుద్ది, ఆరనివ్వండి. దానికి వాసనే లేదు కాబట్టి పైన ఏ సెంటు వేసినా గొడవ పడదు. ఘాటైన డియో కొట్టి దాని మీద నాజూకైన కొలోన్ వేయడం కన్నా పటికా కొలోనూ కలిసిన జోడీ ఎంతో శుభ్రంగా ఉంటుంది.

బట్ట సంగతి కూడా చూసుకోండి. పాలిస్టర్ చొక్కాలూ జిమ్ టీషర్టులూ నూలు కన్నా ఎక్కువగా చెమట కంపుని పట్టుకుంటాయి. ఉతికినా, వేసుకున్న పది నిమిషాల్లో మళ్లీ పైకొస్తుంది. వాటిని లోపలి వైపు బయటికి తిప్పి అరగంట సబ్బు నీళ్లలో నానబెట్టి ఉతకండి. ఫాబ్రిక్ కండిషనర్ పోయకండి, అది పూతలా పేరుకుని కంపుని లోపలే దాస్తుంది.

బాడీ మిస్ట్

150 నుంచి 250 ఎం.ఎల్. పెద్ద సీసా, పలచని వాసన, గంట నుంచి రెండు గంటల నిలకడ. కాలేజీ పిల్లలకి, ఇంట్లో ఉండేవాళ్లకి, సాయంత్రం స్నానం చేసి పడుకునే ముందు హాయిగా ఉండాలనుకునేవాళ్లకి ఇది మంచి ఎంపిక. ఒక చోట నాలుగుసార్లు కొట్టకుండా అడుగు దూరం నుంచి మెడ కింద, చేతుల మీద, నడుము దగ్గర ఒక్కోసారి కొడితే ఏడెనిమిది స్ప్రేలు అవుతాయి. అంతకన్నా అక్కర్లేదు.

దీని బలహీనత తీపి. వెనిల్లా, క్యారమెల్, స్ట్రాబెర్రీ రకాలు ఏసీలో ముద్దుగా ఉంటాయి. 40 డిగ్రీల ఎండలో చెమట ఉప్పుతో కలిస్తే పాకం మాడినట్టు తోస్తాయి. మిస్ట్ కొనేటప్పుడు పుచ్చకాయ, దోసకాయ, గ్రీన్ టీ, తెల్ల పువ్వుల రకాలు చూసుకోండి. సీసా పెద్దది కావడంతో హ్యాండ్‌బ్యాగులో మోయలేరు. 30 ఎం.ఎల్. ఖాళీ స్ప్రే సీసా కొని అందులో పోసుకోవచ్చు.

కొలోన్

మన పెద్దలు యుడికొలోన్ అని పిలిచింది ఇదే. జ్వరం వస్తే గుడ్డ తడిపి నుదుటి మీద వేసేవారు. ఆల్కహాలు ఆవిరవుతూ చర్మాన్ని చల్లబరచడమే అందులోని వైద్యం. జర్మనీలో కొలోన్ నగరంలో 1709లో ఫరీనా అనే ఇటాలియన్ కుటుంబం మొదలుపెట్టిన దుకాణంతో ఈ పేరు నిలిచింది. 4711 అన్న గుర్తుతో ఇప్పటికీ దొరికే సరుకు చరిత్ర 1792 నుంచి చెబుతారు. కూర్పు పెద్దగా మారలేదు: బెర్గమాట్ (ఒక నిమ్మజాతి పండు), నిమ్మ, నారింజ, నారింజ పువ్వు, రోజ్‌మేరీ, లావెండర్.

ఉక్కపోతకి ఇంతకన్నా నప్పేది ఆల్కహాలు సెంట్లలో లేదు. మనవాళ్లు దీన్ని చిన్నచూపు చూడటానికి కారణం, ఈడీపీ వాడినట్టు రెండు స్ప్రేలు కొట్టి గంట తర్వాత వెతుక్కోవడం. కొలోన్‌ని ధారాళంగా వాడాలి: మెడ వెనక, ఛాతీ మీద, మోచేతి మడతల్లో, మొత్తం ఆరు నుంచి ఎనిమిది స్ప్రేలు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇంకో నాలుగు. నూలు చేతిరుమాలు మీద రెండు స్ప్రేలు కొట్టి జేబులో పెట్టుకుంటే మొహం తుడుచుకున్నప్పుడల్లా తాజాగా తగులుతుంది. చర్మం మీద కన్నా బట్ట మీద ఎక్కువసేపు ఉంటుంది కూడా.

ఒక జాగ్రత్త. బెర్గమాట్ తైలంలో బెర్గాప్టెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలిన గుర్తుల్లాంటి నల్ల మచ్చలు పడతాయి. పేరున్న కంపెనీలు ఇప్పుడు దాన్ని తీసేసిన తైలం వాడతాయి గానీ, సీసా మీద అది రాసి ఉండదు. బైక్ మీద తిరిగేవాళ్లు మెడ మీద వద్దనుకుని చొక్కా లోపలి ఛాతీ మీద కొట్టుకోవడం మేలు.

ఈడీటీ

మూడు నుంచి ఐదు గంటలు. పొద్దున ఇంట్లో కొట్టుకుంటే మధ్యాహ్నం దాకా, సాయంత్రం మీటింగుకి ముందు ఒక్క స్ప్రే కొడితే ఇంటికొచ్చేదాకా. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లాగా ఏసీలో కూర్చుని పనిచేసేవాళ్లు ఒక్క సీసానే కొనాలనుకుంటే ఇదే కొనాలి. ఏసీ గదిలో గాలి అక్కడక్కడే తిరుగుతుంది కాబట్టి రెండు మూడు స్ప్రేలు దాటకండి. మీ ముక్కు పదిహేను ఇరవై నిమిషాల్లో మీ వాసనకి అలవాటు పడిపోతుంది. "పోయింది" అనుకుని ఇంకో మూడు కొడతారు. లిఫ్టులో మిగతా వాళ్లకి అది గుప్పుమంటుంది. ఉందో లేదో తెలియాలంటే మీ ముక్కుని నమ్మకుండా ఇంట్లో ఎవరినైనా చెయ్యి చాపినంత దూరంలో నిలబెట్టి అడగండి. ఆ దూరంలో లీలగా తగిలితే చాలు.

హైదరాబాదు, కర్నూలు లాంటి పొడి ఎండ ప్రాంతాల్లో చర్మం పొడిబారి సెంటు త్వరగా ఎగిరిపోతుంది. స్నానం కాగానే వాసన లేని మాయిశ్చరైజర్ పల్చగా రాసి, రెండు నిమిషాలు ఆగి కొట్టుకుంటే నిలకడ బాగా పెరుగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో ఆ అవసరం ఉండదు. అక్కడ గాలిలోనే తేమ ఎక్కువ, చెమట ఆరదు, అదే సెంటు బరువుగా తోస్తుంది. అందుకే హైదరాబాదులో మూడు స్ప్రేలు అలవాటైనవాళ్లు విశాఖ పెళ్లికి వెళ్తే రెండుతో ఆపాలి.

అత్తరు

తేలికపాటి సెంట్ల జాబితాలో అత్తరు ఏమిటని అడగొచ్చు. చిక్కగానే ఉంటుంది, నిజమే. ఆల్కహాలు లేదు కాబట్టి గాలిలోకి ఎగరదు, చర్మానికి అంటుకుని ఉంటుంది. దగ్గరికి వచ్చినవాళ్లకే తెలుస్తుంది. ఆ లెక్కన ఎనిమిది స్ప్రేల మిస్ట్ కన్నా ఒక్క చుక్క అత్తరే పక్కవాళ్లకి తేలిక.

అయితే ఏ అత్తరు అన్నదే అసలు ప్రశ్న. అత్తరుకి కాలాలున్నాయి. వేసవికి వట్టివేరు (దుకాణంలో ఖస్ అనండి), గులాబీ, మొగలి, మల్లె, మట్టి. చలికాలానికి హీనా, షమామా (మూలికలు, సుగంధ దినుసులు కలిపి తీసే ఘాటు అత్తరు), కస్తూరి, ఊద్ (అగరు చెక్క వాసన). ఎండలో షమామా పూసుకుంటే తల బరువెక్కుతుంది. వేసవి రకాల్లో ముందుగా కొనాల్సింది వట్టివేరే. కిటికీకి కట్టి నీళ్లు చల్లిన తడికల వాసన, మంచినీళ్ల కుండలో వేసిన వేళ్ల వాసన తెలిసినవాళ్లకి వేరే పరిచయం అక్కర్లేదు. ఆడా మగా ఇద్దరికీ నప్పుతుంది, ఐదారు గంటలు ఉంటుంది. మట్టి అత్తరు ఇంకా చిత్రమైనది: ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని డేగ్ అనే రాగి పాత్రలో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి పట్టిస్తారు. తొలకరి చినుకు పడ్డ నేల వాసనే. కన్నౌజ్ సుగంధ ద్రవ్యాలకి 2014లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

చార్మినార్ చుట్టుపక్కల దుకాణాల్లో 3, 6, 12 ఎం.ఎల్. సీసాల్లో అమ్ముతారు. చివరిదాన్ని తులం లెక్కన చెబుతారు. ధర విషయంలో కళ్లు తెరిచి ఉండండి. కిలో గులాబీ నూనె తీయడానికి మూడు నుంచి ఐదు టన్నుల పూరేకులు కావాలి. అలాంటప్పుడు 150 రూపాయలకి దొరికే 6 ఎం.ఎల్. "అసలైన గులాబ్"లో పువ్వు ఎంతుంటుందో ఊహించుకోండి. లిక్విడ్ పారఫిన్‌లో కలిపిన కృత్రిమ వాసన అది. వాడటానికి తప్పేమీ లేదు, బాగానే ఉండొచ్చు కూడా. కాకపోతే దానికి అసలు ధర ఇవ్వకండి.

వాడే తీరు: సీసా మూతకున్న పుల్లతో ఒక మణికట్టు మీద ఒక్క గీత గీసి, రెండో మణికట్టుని దానికి ఆనించి, రెండు చెవుల వెనక తాకించండి. అంతే. దూదికి అద్ది చెవి మడతలో పెట్టుకునే పాత పద్ధతి ఇంకా మంచిది, బట్టకి అంటదు. తెల్ల ఖద్దరు మీదా పంచె మీదా అత్తరు పడితే నూనె మరక వెంటనే పోదు. డిష్‌వాష్ లిక్విడ్ చుక్క వేసి పావుగంట ఉంచి ఉతకాలి.

గల్ఫ్ నుంచి వచ్చిన బంధువులు తెచ్చే ఊద్ సీసా చాలా ఇళ్లలో బీరువాలో పడి ఉంటుంది. పారేయకండి, వేసవిలో తీయకండి. డిసెంబరు పెళ్లిళ్లకి బనియన్ మీద ఒక్క స్ప్రే కొట్టి పైన చొక్కా వేసుకుంటే బట్ట వడగట్టి పంపుతుంది.

పన్నీరు, పౌడరు

పన్నీరు మొహానికి చల్లదనం, పది నిమిషాల వాసన. ఫ్రిజ్‌లో పెట్టి మధ్యాహ్నం చల్లుకోవడానికి బాగుంటుంది. దాని నుంచి అంతకు మించి ఆశించకూడదు. టాల్కమ్ పౌడరు తడి చర్మం మీద ముద్దకట్టి మెడ మడతల్లో తెల్లగా కనిపిస్తుంది, పైగా దాని సొంత వాసన ప్రతి సెంటుతోనూ పోట్లాడుతుంది. సెంటు వేసుకునే రోజున పౌడరు మానండి.

ఖర్చు లెక్క

మామూలు సెంటు స్ప్రే ఒక్క నొక్కుకి సుమారు 0.1 ఎం.ఎల్. వదులుతుంది. మిస్ట్ పంపు కాస్త ఎక్కువ, 0.15 అనుకోండి. 200 ఎం.ఎల్. మిస్ట్ 400 రూపాయలకి కొని, రోజుకి రెండు పూటలా ఎనిమిదేసి స్ప్రేలు వాడితే 2.4 ఎం.ఎల్. ఖర్చు, 83 రోజులు వస్తుంది. రోజుకి దాదాపు ఐదు రూపాయలు. 50 ఎం.ఎల్. ఈడీటీ 1,500కి కొని రోజుకి నాలుగు స్ప్రేలు వాడితే 125 రోజులు, రోజుకి పన్నెండు రూపాయలు. 6 ఎం.ఎల్. అత్తరు 300కి కొంటే చుక్కల లెక్కన సుమారు 150 రోజులు, రోజుకి రెండు రూపాయలు. మీ ఊరి ధరలు పెట్టి ఇదే లెక్క వేసుకోండి. కొలోన్ చవగ్గా కనిపిస్తుంది గానీ ధారాళంగా వాడాలి కాబట్టి 100 ఎం.ఎల్. కన్నా చిన్నది కొంటే గిట్టుబాటు కాదు.

ఎక్కడ చెడుతుంది

మధ్యాహ్నం తాజాగా కావాలని చెమట మీదే కొట్టుకోవడం అన్నింటికన్నా ఎక్కువగా జరిగే తప్పు. ముందు తడి గుడ్డతోనో, వాసన లేని వెట్ వైప్‌తోనో మెడ, చంకలు తుడిచి, ఆరాక రెండు స్ప్రేలు వేయండి. ఈ రెండు నిమిషాల పని లేకపోతే ఎంత ఖరీదైన సెంటైనా వృథా.

ముత్యాలు వేసుకునేవాళ్లు సెంటు కొట్టి, ఆరి, ఐదు నిమిషాలు గడిచాకే దండ మెడలో వేయాలి. ఆల్కహాలు ముత్యం మెరుపుని తినేస్తుంది. వన్ గ్రామ్ గోల్డు నగల పూతకీ అదే గతి. పట్టుచీర మీద నేరుగా కొడితే మరక పడుతుంది, జరీ నల్లబడుతుంది. పట్టు కట్టే రోజున సెంటు ఒంటికే, చీర కట్టకముందే.

జడలో మల్లెలు ఉన్నరోజు పూల సెంటు వేయకండి. సీసాలోని మల్లె, జడలోని మల్లె ముందు తేలిపోతుంది. వట్టివేరో నిమ్మో వేస్తే రెండూ బతుకుతాయి. కొబ్బరి నూనె రాసిన తలతో తీపి మిస్టు కలిస్తే లడ్డూ దుకాణంలా ఉంటుంది. కొందరికి అదే ఇష్టం, వాళ్ల ఇష్టం.

ఆల్కహాలు సెంటు మండే వస్తువు. దీపం పెట్టబోయే ముందు, పొయ్యి దగ్గర కొట్టుకోవద్దు. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీదా బండి డిక్కీలోనూ గ్యాసు డబ్బా ఉంచితే పేలే ప్రమాదం ఉంది. విమానంలో చేతి సంచిలో 100 ఎం.ఎల్. దాటిన సీసా విదేశీ ప్రయాణానికి ఒప్పుకోరు. అమెరికాలో కొన్ని ఆఫీసులూ ఆసుపత్రులూ సెంటు అసలు వద్దంటాయి, చేరేముందు కనుక్కోండి.

చర్మం సున్నితంగా ఉంటే మోచేతి మడత లోపల ఒక స్ప్రే కొట్టి రెండు రోజులు చూడండి. ఇంట్లో ఆస్తమా మనిషో పసిపిల్లో ఉంటే గదిలో కొట్టకుండా బాల్కనీలోకి వెళ్లండి.

కొనే రోజు

పొద్దున ఏ సెంటూ వేసుకోకుండా వెళ్లండి. మూడింటికి మించి చూడకండి, నాలుగోదాని దగ్గర ముక్కు అబద్ధం చెబుతుంది. మధ్యలో కాఫీ గింజలు వాసన చూపిస్తారు గానీ, మీ సొంత మోచేతిని వాసన చూడటం అంతే పని చేస్తుంది. కాగితం ముక్క మీద నచ్చినదాన్ని మణికట్టు మీద వేయించుకుని, కొనకుండా బయటికి వచ్చేయండి. ఎండలో నడిచి, టీ తాగి, మూడు గంటల తర్వాత వాసన చూడండి. దుకాణంలో నచ్చింది మొదటి పావుగంట వాసన మాత్రమే. మీతో ఉండబోయేది ఈ మూడో గంటది. అది నచ్చితే వెనక్కి వెళ్లి చిన్న సీసా కొనండి, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు చూసి.

ఇంటికి తెచ్చాక బాత్రూం అరలో పెట్టకండి. వేడి, ఆవిరి, వెలుతురు మూడూ సెంటుకి శత్రువులే. అట్టపెట్టెతో సహా బీరువాలో ఉంచితే మూడేళ్లు ఢోకా ఉండదు. నిమ్మ జాతివి ముందు పాడవుతాయి: రంగు ముదురుతుంది, పైన పులిసిన నూనె వాసన తగులుతుంది. అలా మారినదాన్ని ఒంటి మీద వేయకండి, పాతబడ్డ నిమ్మ తైలం దద్దుర్లు తెప్పిస్తుంది. దూదికి అద్ది చెప్పుల స్టాండు వెనక పెట్టేయండి.